నాలుగో నంబరు క్వార్టరూ ముగ్గురు కూతగాళ్ళూ

క్వార్టరు మంజూరైన కాగితం వచ్చినప్పుడు నేను స్టాంపు ప్యాడ్‌లో సిరా పోస్తున్నాను. ఆ సంతోషంలో సగం సిరా బల్ల మీద పడింది, పావు వంతు నా పెళ్ళి గాజుల మీద పడింది. మిగిలిన పావు వంతు ప్యాడ్‌కే చేరిందని ధైర్యంగా చెప్పగలను. గణాంకశాస్త్రం చదివినదాన్ని, లెక్క తప్పు చెప్పను.

"నాలుగో నంబరు క్వార్టరు మీకేనంట హైమమ్మా" అంది అటెండరు వీరలక్ష్మి. "కాయితం నేను చదవలేదండి. అలా కంట్లో పడింది."

మాది డెల్టా ధాన్య నిల్వల మండలి, నిడదవోలు కార్యాలయం. నాకు పెళ్ళయి ఇరవై మూడు రోజులు. మా ఆయన కిరీటి జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. ప్రస్తుతం వాళ్ళ పెద్దమ్మగారింట్లో ముందు గదిలో కాపురం. ముందు గది అంటే, ఆ ఇంట్లో ఎవరు ఎటు వెళ్ళాలన్నా అందులోంచే వెళ్ళాలి. పెద్దమ్మగారు మర్యాదస్తురాలు, తలుపు తట్టకుండా ఉండరు. కాకపోతే లోపలికి వచ్చాక తడతారు.

నాలుగో నంబరు క్వార్టరుకు తలుపు ఉంది, తలుపుకు లోపలివైపు గడియ ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు, వంటింటి కిటికీలోంచి రైలుపట్టాలు. దరఖాస్తు పెట్టిన రోజున కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగిచూసినప్పుడు వంటింటి గోడకు వరసగా ఏడు మేకులు కనిపించాయి. ఆ రోజు నుంచీ ఏ మేకుకు ఏ గరిటె తగిలించాలో నా మనసులో ఖాయమైపోయింది. ఇద్దరికి సరిపోయే బుల్లి కాఫీ ఫిల్టరు కూడా కొని బీరువాలో చీరల కింద దాచాను.

గాజుల సిరా తుడుచుకుంటూ ఉండగానే జనరల్ మేనేజరుగారి నుంచి పిలుపు వచ్చింది. వేమూరి త్రివిక్రమరావుగారు మామూలుగా మాట్లాడరు. ఎదురుగా టైపిస్టు కూర్చున్నట్టు చెబుతారు.

"హైమవతిగారూ, శుభవార్త. మన మండలి కబడ్డీ జట్టు ఆవిర్భవించి యాభై సంవత్సరాలు పూర్తి అయినవి. సదరు యాభై సంవత్సరాలలో అత్యుత్తమ రైడరు ఎవరో శాస్త్రీయంగా నిర్ధారించి, కొత్త గేటుకు ఆ ఒక్కరి పేరు పెట్టవలసిందిగా పై కార్యాలయం వారి ఆదేశం. నిర్ధారణ సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. నాణ్యతాధికారి జగన్నాథంగారు సభ్యులు. గణాంకాలు చదివారు కాబట్టి మీరు సభ్య కార్యదర్శి."

"అలాగేనండి."

"సంఘం కూర్చోవడానికి స్థలం కావలెను. ఖాళీగా ఉన్నది నాలుగో నంబరు క్వార్టరు ఒక్కటే."

"అది ఇప్పుడే నాకిచ్చారండి."

"అవును, సంతకం పెట్టింది నేనే. అభినందనలు. నివేదిక ఈ చేత్తో ఇవ్వండి, తాళంచెవి ఆ చేత్తో పుచ్చుకోండి."

బయటికి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నారు.

"ముగ్గురు ఆటగాళ్ళు, మూడు సగటులు. రేపు మధ్యాహ్నానికి అయిపోతుందండి."

"అయితే కర్టెన్లు కొనెయ్యనా?"

"కొనెయ్యండి."

సాయంత్రానికల్లా కొనేశారు. నీలం పిట్టలవి.

*

పోటీలో ముగ్గురే ఉన్నారన్నది ఊరంతా ఒప్పుకున్న సంగతి. చుక్కా అప్పన్నగారు జట్టు పుట్టిన డెబ్బైనాలుగు నుంచి ఎనభైరెండు దాకా ఆడారు. గోదాములో బస్తాలు మోసిన హమాలీ, ఇప్పుడు డెబ్బైనాలుగేళ్ళు. ఏసుపాదంగారిది తొంభైల నాటి ఆట. ఇప్పుడు యాభైరెండేళ్ళు, లారీల కాటా దగ్గర వాచ్‌మన్. నాగూర్ మీరా ఇప్పటి కుర్రాడు, ఇరవైయారేళ్ళు, రెండో గోదాములో గుమాస్తా. అప్పన్నగారు మట్టిలో ఉత్తకాళ్ళతో ఆడితే, నాగూర్ మీరా మ్యాట్ మీద బూట్లతో ఆడతాడు. ఆయన దాన్ని చెడుగుడు అంటారు, ఇతను కబడ్డీ అంటాడు. కూత పెడుతూ గీత దాటి, అవతలి వాళ్ళను తాకి, ఊపిరి తెగకుండా ఇవతలికి వచ్చి పడటం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

పాత స్కోరు పుస్తకాలు తీసి సగటు కట్టాను. ఆటకు అప్పన్నగారికి పదకొండు పాయింట్ల మీద ఒక పిసరు, నాగూర్ మీరాకు సరిగ్గా పదకొండు, ఏసుపాదంగారికి పదకొండుకు ఒక పిసరు తక్కువ. ముగ్గురూ దాదాపు సమానం కాబట్టి గేటుకు ముగ్గురి పేర్లూ పెట్టవచ్చునని అరపేజీ నివేదిక రాసి, ఇచ్చే చెయ్యి ముందుకూ పుచ్చుకునే చెయ్యి దాని పక్కనా చాపాను.

జగన్నాథంగారు అరపేజీని వెలుతురుకు ఎత్తి చూశారు. ఆయన ఏ వస్తువునైనా అలాగే చూస్తారు.

"ఆదేశంలో 'ఒక్కరి పేరు' అని ఉందమ్మా. పైగా మీరు తరుగు తీయలేదు."

"తరుగా అండి?"

"ధాన్యం గోదాములో నిల్వ ఉంటే ఏడాదికి నూటికి ఒక పాలు తరుగు. మన మండలి నిలబడింది దాని మీదే. అప్పన్నగారి పాయింట్లు నలభైరెండేళ్ళుగా నిల్వ ఉన్నాయి. పోసిన గింజ పోసినట్టే ఉంటుందా?"

"పాయింట్లలో తేమ ఉండదు కదండీ, తరగడానికి."

"తేమ లేదని పరీక్షించారా?"

పరీక్షించలేదు. నిజం ఒప్పుకోవలసి వచ్చింది.

తరుగు తీసి మళ్ళీ కట్టాను. అప్పన్నగారు ఆరున్నర దగ్గర ఆగారు, ఏసుపాదంగారు ఎనిమిది చిల్లరకు దిగారు, నాగూర్ మీరా మాత్రం తాజా పంట కాబట్టి పదకొండులో చెక్కుచెదరకుండా ఉన్నాడు. అక్కడితో తేలిపోవలసింది. కానీ త్రివిక్రమరావుగారి ముఖంలో ఏదో కదిలింది.

"జగన్నాథంగారూ, ఈ లెక్కన నా ముప్పైయొక్క సంవత్సరాల సర్వీసుకు కూడా తరుగు ఉంటుందా?"

"తమరిది ఇంకా నిల్వలోకి రాలేదు సార్, వాడకంలోనే ఉంది."

"వచ్చే జూన్‌లో వస్తుంది" అన్నారు ఆయన. జూన్‌లో ఆయన రిటైరు అవుతున్నారు.

తర్వాత అధ్యక్షులవారు, కాగితం మీద తరుగు వేయడం తొందరపాటు అనీ, సరుకును స్వయంగా పరీక్షించవలెననీ తీర్మానించారు.

*

సరుకును మంగళవారం నాలుగో నంబరు క్వార్టరుకు పిలిపించారు.

వడ్లలో తేమ కొలిచే యంత్రానికి గుప్పెడు గింజలు పోసే గిన్నె ఉంటుంది. అప్పన్నగారిని అందులో పోయడం వీలుకాక, బొటనవేలు పెట్టించారు. ముల్లు ముప్పైయొకటి చూపించింది.

"పదిహేడు దాటితే సరుకు తిప్పి పంపాలి" అన్నారు జగన్నాథంగారు, బాధగానే.

"ఎండబెడితే తగ్గుద్దేమోనండి బాబుగారూ" అన్నారు అప్పన్నగారు. "పొద్దుటేల అరుగు మీద కూకుంటాను, రెండు పూటలు తిరగెయ్యండి."

ఏసుపాదంగారు నవ్వు ఆపుకుని, "నన్ను లారీ కాటా మీదే తూయండి సార్. ముందు లారీతో తూచి, తర్వాత లారీ తీసెయ్యొచ్చు" అన్నారు.

తరువాతిది ఊపిరి పరీక్ష. ఇప్పటి ఆటలో కూతకు ముప్పై సెకన్లు గడువు. పాత ఆటలో ఎంత అని అడిగారు జగన్నాథంగారు, పెన్ను పట్టుకుని.

"గడువేటండి. ఊపిరున్నంతసేపు కూత. అయిపోతే ఎవుడికాడికే తెలుసుద్ది. గడియారం చెప్పాలేటి?"

"ఆధారం లేదు" అని రాసుకున్నారు జగన్నాథంగారు.

"ఆధారం లేకపోడమేటండి, ఎనభైరెండు దాకా ఆడేను కదా" అని, అప్పన్నగారు యంత్రం వైపు చూశారు. "బాబుగారూ, ఓపాలి తమరి ఏలు కూడా ఎట్టండి, ఎంతుంటదో."

నాణ్యతాధికారి వేలు పెట్టకపోతే యంత్రం మీద నమ్మకం లేనట్టు అవుతుంది. పెట్టారు. ముప్పైయెనిమిది వచ్చింది. ఆనాటి సమావేశ వివరాలలో నేను 'యంత్రం మరమ్మతుకు పంపడమైనది' అని మాత్రమే రాశాను.

సమావేశం నడుస్తుండగా నేను వెనకాల వంటింటి మెట్టు మీద కూర్చుని వివరాలు సాపు రాసుకుంటున్నాను. మా ఆయన కాలేజీ నుంచి సైకిలు మీద వచ్చి, పొట్లం విప్పి పక్కన కూర్చున్నారు. వేడి వేడి మిరపకాయ బజ్జీలు, మీద ఉల్లిపాయ ముక్కలు. మా ఇంటి మెట్టు మీద మేము మొదటిసారి కూర్చున్నది అలాగే, తాళం లేకుండా, వెనకవైపు నుంచి. చాలా బాగుంది.

అప్పన్నగారు చెంబుతో నీళ్ళు తాగడానికి అటు వచ్చారు. మా ఆయన ఆయనకొక బజ్జీ ఇచ్చి, మెట్టు మీద చోటు ఇచ్చారు.

"నువ్వేనేటమ్మా కొత్త పెళ్ళికూతురివి. పెళ్ళికి పిలవలేదేం? కాటా దగ్గరోళ్ళందరికీ శుభలేఖలిచ్చేవంట."

"మీరు రిటైరయ్యారని పేరు మా జాబితాలో లేదు తాతగారూ. తప్పే."

"తప్పని కాదు. నా సదివింపులు నా కాడే ఉండిపోనాయి. మైకులో నా పేరు సదవలేదు. మా ఆవిడ అదే అంటంది."

నేను ఆయనకు గడియ సంగతీ, కిటికీ సంగతీ, ఏడు మేకుల సంగతీ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. కొత్త కాపురంలో మనిషి ఎవరికైనా ఏదైనా చెప్పేస్తుంది. ఆయన తల తిప్పి వంటింట్లోకి చూశారు. ఏడు మేకులకూ సంఘంవారి చార్టులు వేలాడుతున్నాయి: తరుగు, తేమ, ఊపిరి, మట్టి, మ్యాట్, ఆహారం, ఇతరములు.

"గరిటెలకి మంచి మేకులే" అన్నారు.

*

మూడు వారాలు గడిచాయి. నీలం పిట్టల కర్టెను పెద్దమ్మగారి ముందు గదిలో మా మంచానికీ దారికీ మధ్య తాడు మీద వేలాడుతోంది. పెద్దమ్మగారు ఇప్పుడు కర్టెను తీసి లోపలికి వచ్చి, తర్వాత తలుపు తట్టి వెళుతున్నారు.

నాలుగో సోమవారం త్రివిక్రమరావుగారికి ఆలోచన తట్టింది.

"వివిధ కాలాల వారిని పోల్చడంలో ఇబ్బంది ఏమనగా, వారు వివిధ కాలాలలో ఆడుటయే. ముగ్గురినీ ఒకే రోజున, ఒకే నేల మీద, ఒకే జట్టుపై దింపినచో ఇబ్బంది తొలగును."

"ఒకరికి ఇరవైయారు, ఒకరికి డెబ్బైనాలుగు అండి" అన్నాను.

"వయస్సు అనునది ఒక బరువు. బరువును సరిచేయుట మన మండలికి చేతకానిదా?"

జగన్నాథంగారి కళ్ళు మెరిశాయి. ఏడాదికి ఒక కిలో చొప్పున తేల్చారు. అప్పన్నగారికి బరువు లేదు. ఏసుపాదంగారు ఆయన కంటే ఇరవైరెండేళ్ళు చిన్న కాబట్టి వీపు మీద ఇరవైరెండు కిలోలు. నాగూర్ మీరాకు నలభైయెనిమిది. యాభై కిలోల బియ్యం బస్తాలోంచి రెండు కిలోలు తీసి, బస్తాను అతని వీపుకు కట్టాలి. నేను చదివిన శాస్త్రంలో దీన్ని ఖండించే సూత్రమేదీ నాకు గుర్తు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గోదాము ముందు ఆవరణలో సున్నంతో గీతలు గీశారు. ఆపడానికి ఏడుగురు ఆఫీసు సిబ్బందిని నిలబెట్టారు. లారీల డ్రైవర్లు కేబిన్ల పైకెక్కి కూర్చున్నారు. గెలిచినవారికి ఇవ్వడానికి శాలువా, పూలదండ, పళ్ళెంలో పెట్టి తెచ్చారు. మా ఆయన సెలవు పెట్టి వచ్చారు. నేను బల్ల దగ్గర స్కోరు పుస్తకం ముందు కూర్చున్నాను. ఇవాళ ఎవరు గెలిచినా నాకు ఒకటే. సాయంత్రానికి తాళంచెవి నా చేతిలో ఉండాలి.

నాగూర్ మీరా బస్తాతో గీత దాటాడు. 'కబడ్డీ' అని రెండుసార్లు అన్నాడో లేదో, ఆ ఏడుగురిలో ఒకడైన గుమాస్తా గంధం రాంబాబు చుట్టూ తిరిగి వెళ్ళి, "బస్తా దించుకో మీరా, నడుం పట్టేస్తది" అంటూ వెనకనుంచి పట్టుకున్నాడు. మిగతా వాళ్ళు కూడా ఓ చెయ్యి వేశారు. బస్తా నేలకు దిగింది, నాగూర్ మీరా అవుటయ్యాడు.

"థాంక్స్ అన్నా" అన్నాడు అవుటైన రైడరు.

ఏసుపాదంగారు ఇరవైరెండు కిలోలతో కూడా ఒడుపుగా ఇద్దరిని తాకి వెనక్కి తిరిగారు కానీ, గీతకు అడుగు దూరంలో మోకాలు మొరాయించింది. "ఈ మోకాలు తొంభైయెనిమిదిది. అప్పుడూ ఇంతే చేసింది" అని అక్కడే కూర్చున్నారు.

ఇక అప్పన్నగారు. పంచె ఎగ్గట్టి, నేలను తాకి కళ్ళకద్దుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చి, "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అంటూ గీత దాటారు. గొంతు సన్నగా ఉంది, కానీ ఎక్కడా తెగడం లేదు.

ఆయన నేరుగా గంధం రాంబాబు దగ్గరికి వెళ్ళారు. రాంబాబు చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని ఇదే ఆవరణలో ఆటలు చూశాడు. ఇప్పుడు ఆయనను పట్టి కింద పడేయాలి. చేతులు చాపాడు, దించాడు. ఏం చేయాలో తోచక, అలవాటు ప్రకారం వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

లారీల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం పెడితే వాళ్ళు దీవించి తీరాలి. దీవిస్తే కూత తెగుతుంది. కూత తెగితే అవుట్.

అప్పన్నగారు రాంబాబు తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు సగం మూసి, నూరేళ్ళు బతకమన్నంత ప్రేమగా, "చెడుగుడు చెడుగుడు" అని దీవించారు.

రాంబాబు పెట్టాక మిగతా ఆరుగురూ ఊరుకుంటే ఏం బాగుంటుంది? జి.ఎం.గారు చూస్తున్నారు, ఊరు చూస్తోంది. పెద్దాయనకు దణ్ణం పెట్టనివాడు అనిపించుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. వరసలో వచ్చి ఒక్కొక్కరే వంగారు. ఆయన ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేసి చెడుగుడు దీవెన ఇచ్చారు. ఐదోవాడి దగ్గరికి వచ్చేసరికి మెడ నరాలు ఉబ్బాయి. ఆరోవాడికి దీవెన గుసగుసగా అందింది. ఏడోవాడు లావుపాటి మనిషి, వంగడానికి చాలాసేపు తీసుకున్నాడు. నేను పెన్ను కొరుకుతున్నాను. మా ఆయన నా భుజం నొక్కుతున్నారు. దీవెన అయింది. అప్పన్నగారు వెనక్కి తిరిగి, నాలుగడుగులు వేసి, గీత ఇవతల పడి, అప్పుడు ఊపిరి వదిలారు.

ఏడుగురూ అవుట్. జట్టు మొత్తం పడితే అదనంగా రెండు. తొమ్మిది పాయింట్లు రాశాను. లారీల హారన్లన్నీ ఒకేసారి మోగాయి.

"అది గౌరవ స్పర్శ, ఆట స్పర్శ కాదు" అన్నారు జగన్నాథంగారు.

"నియమావళిలో స్పర్శకు తరగతులు లేవు" అన్నారు త్రివిక్రమరావుగారు. తర్వాత మైకు అందుకున్నారు. "శ్రీ చుక్కా అప్పన్నగారిని సర్వకాల ఉత్తమ రైడరుగా ఇందుమూలముగా ప్రకటించడమైనది. ఆదేశంలోని తొమ్మిదవ పేరా ప్రకారం, విజేత జ్ఞాపికలను నిర్ధారణ జరిగిన స్థలమందే భద్రపరచవలెను. నిర్ధారణ సంఘం కూర్చున్నది నాలుగో నంబరు క్వార్టరులో. కావున సదరు క్వార్టరు ఈ క్షణం నుంచి స్మారక నిల్వ కేంద్రం. దాని సంరక్షణ బాధ్యత, తాళంచెవి సహా, విజేతదే."

శాలువా కప్పి, దండ వేసి, తాళంచెవిని పళ్ళెంలో పెట్టి అప్పన్నగారికి అందించారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు వాటంతట అవే కొట్టాయి. మా ఆయన నా వైపు చూడలేదు. అటు లారీ చక్రాలను చూస్తున్నారు. ఏడు గరిటెలూ నా కళ్ళ ముందు ఒక్కొక్కటే మేకు మీంచి జారి పడ్డాయి.

"మైకు ఓపాలి ఇవ్వండి బాబుగారూ" అన్నారు అప్పన్నగారు.

తీసుకుని, ఊది చూసి, పెళ్ళి పందిట్లో చదివించినట్టు గొంతు సవరించుకున్నారు.

"సుక్కా అప్పన్నగారు, ఆరి భార్య నూకాలమ్మగారు, హైమవతి కిరీటి దంపతులకి సదివింపులు: తాళంచెవి ఒకటి."

వచ్చి నా చేతిలో పెట్టారు. చెమటతో తడిగా ఉంది. తేమ పదిహేడు దాటే ఉంటుంది.

"అప్పన్నగారూ, అది ప్రభుత్వ..." అని మొదలుపెట్టారు త్రివిక్రమరావుగారు.

"సదివించేసేం కదండి. మైకులో సదివింది ఎనక్కి తీసుకుంటే ఊళ్ళో ఏమంటారు బాబుగారూ."

ఊళ్ళో ఏమంటారో లారీల మీద కూర్చున్నవాళ్ళు అప్పుడే అనడం మొదలుపెట్టారు. త్రివిక్రమరావుగారు చెవులు రిక్కించి, నా వైపు తిరిగారు.

"సభ్య కార్యదర్శిగారూ, మరి జ్ఞాపికల భద్రత?"

"జ్ఞాపికలు ఏమున్నాయి తాతగారూ?" అని అడిగాను.

"ఓ నిక్కరుందమ్మా. డెబ్బైయెనిమిదిది."

అక్కడికక్కడే రాశాను: 'జ్ఞాపిక: నిక్కరు, ఒకటి. భద్రపరచు స్థలం: నాలుగో నంబరు క్వార్టరు, వంటింటి అటక. సంరక్షణ: క్వార్టరులో నివసించువారు.' త్రివిక్రమరావుగారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. జగన్నాథంగారు మాత్రం నిక్కరుకు ఏటా తరుగు తీయాలన్న షరతు మీద పెట్టారు. ఒప్పుకున్నాను.

"గేటు సంగతేంటండి, పెద్ద పేరొచ్చింది మీకు" అంది వీరలక్ష్మి, అప్పన్నగారికి మజ్జిగ ఇస్తూ.

"ఎవురి పేరెట్టినా బస్తాలోళ్ళు బస్తాల గేటనే అంటారు" అని ఆయన నాగూర్ మీరా వీపు తడిమారు. "ఒరే, బస్తా లేకుండా ఆడితే నేను నిన్ను ముట్టలేను. ముట్టగలనని ఎవరన్నా అంటే కాయితం మీదే."

"మీ దీవెన కూత నాకు రాదు తాతా" అన్నాడు నాగూర్ మీరా.

చార్టులు దించేశాం. ఏడు మేకులూ ఖాళీగా ఉన్నాయి. రేపు ఉదయం ఆరూ పదికి, రైలు వెళ్ళే వేళకు, నాలుగో నంబరు క్వార్టరులో పాలు పొంగిస్తున్నాం. పాలు ఏసుపాదంగారి గేదెవి, గిన్నె నూకాలమ్మగారిది, ఫిల్టరు నాది. అప్పన్నగారు, ఏసుపాదంగారు, నాగూర్ మీరా ముగ్గురూ వస్తున్నారు. పెద్దమ్మగారిని కూడా పిలిచాం, తలుపు తట్టే వస్తారు. గడప ఎవరు ముందు దాటాలన్న ప్రశ్న ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు బస్తా మోసుకుని రావాలి.